ఫార్మాట్ కొట్టక ముందు

మా బాబాయి రెండేళ్లపాటు కూర్చి పెట్టుకున్న వంశవృక్షాన్ని 2011 సంక్రాంతి సెలవులలో నేను నా చేతులతోనే చెరిపివేశాను. ఆయనకు తెనాలిలో చిన్న డీటీపీ సెంటర్ ఉండేది. శుభలేఖలు, కరపత్రాలు, దినకర్మల కార్డులు, కాలేజీ పిల్లల ప్రాజెక్టు రిపోర్టులు, ఎన్నికలు వస్తే వార్డు అభ్యర్థుల పాంప్లెట్లు, ఇవన్నీ ఒకే ఒక్క అసెంబుల్డ్ కంప్యూటరు మీద నడిచేవి. భోగి మర్నాడు పొద్దున ఆన్ చేస్తే నల్లటి తెర మీద తెల్లటి గీత ఒకటి మిణుకుమంటూ ఉండిపోయింది. హైదరాబాదులో కంప్యూటర్ల ఉద్యోగం చేసేవాడు ఇంట్లోనే ఉండగా ఇంకెవరినో పిలవడం దేనికని నన్నే కూర్చోబెట్టారు. "ముఖ్యమైనవి ఏమైనా ఉన్నాయా బాబాయ్?" అని అడిగాను. "అన్నీ డీ డ్రైవులోనే ఉన్నాయిరా, నువ్వు కానియ్" అన్నారు. నేను సీడీ పెట్టి, సీ డ్రైవును ఫార్మాట్ చేసి, అంటే తుడిచి ఖాళీ చేసి, విండోస్ వేసి, గంటన్నరలో పని ముగించి, పిన్ని పెట్టిన అరిసెలు తిని మేడ మీదికి పోయి పడుకున్నాను. సాయంత్రం ఆయన తెర వంక చాలాసేపు చూసి, "డెస్క్‌టాప్ మీద ఫోల్డరుండాలి, ఏదిరా?" అన్నారు.

డెస్క్‌టాప్ అనేది సీ డ్రైవు లోపల, యూజర్ల ఫోల్డరులో, ఆయన పేరు కింద ఉండే మామూలు ఫోల్డరు మాత్రమేనని ఆయనకు తెలియదు. తెర మీద కళ్లెదుట కనిపిస్తున్నది ఏ డ్రైవులోనో ఉంటుందని అనుకోవలసిన అవసరం ఆయనకు ఎన్నడూ రాలేదు. నాకు తెలుసు, ఆయనకు తెలియదన్న సంగతి మాత్రం నాకు తట్టలేదు. అందువల్ల తప్పు ఆయన జవాబులో లేదు, నా ప్రశ్నలో ఉంది. ఆ రాత్రి ఫోటోరెక్ అనే ఉచిత ప్రోగ్రాముతో డిస్కునంతా గాలించాను. ఫార్మాట్ చేసిన చోటనే కొత్త విండోస్ కొన్ని గిగాబైట్ల మేర వచ్చి కూర్చుంది కాబట్టి, దాని కింద పడినవి పడిపోగా మిగిలినవి మాత్రం పేర్లు పోగొట్టుకుని, 'ఎఫ్' అక్షరం తరువాత ఏవో అంకెలతో వరుసగా బయటికి వచ్చాయి. ఫోటోలు చాలావరకు దొరికాయి, కొన్ని సగం నుంచి కిందికి బూడిదరంగులో. వంశవృక్షం దొరకలేదు. బాబాయి నన్ను ఒక్క మాట అనలేదు. అని ఉంటే బాగుండేది.

అప్పటి నుంచి బంధువుల ఇళ్లలోనూ ఆఫీసులోనూ మూలపడిన కంప్యూటర్లను చూస్తూ వచ్చిన మీదట నాకు గట్టిపడిన అభిప్రాయం ఒకటుంది. మన ఊళ్లలో 'కంప్యూటరు పాడైంది' అన్న మాటకు 'ఫార్మాట్ కొట్టేద్దాం' అన్నదే మొదటి జవాబుగా స్థిరపడిపోయింది, ఆ వరుస పూర్తిగా తలకిందులది. విండోస్ పాడైందంటే నిజానికి పాడైనది ఎవరికైనా, ఎప్పుడైనా, ఎన్నిసార్లైనా దొరికే సామాను. మైక్రోసాఫ్ట్ తన సైటులో దానిని ఉచితంగానే డౌన్‌లోడ్ చేసుకోనిస్తుంది, లైసెన్సు యంత్రానికి ముడిపడి ఉంటుంది కనుక మళ్లీ వేసినా మళ్లీ కొననక్కరలేదు. దొరకనిది మనం చేసుకున్నది. దొరికే దానిని బాగుచేయడం కోసం దొరకని దానిని చెరిపివేయడం ఎలుకలున్నాయని ఇల్లు తగలబెట్టుకోవడమే.

ఇది అతిగా చెబుతున్నట్టు అనిపిస్తే 2024 జులై 19ని గుర్తు చేసుకోండి. క్రౌడ్‌స్ట్రైక్ అనే భద్రతా సంస్థ పంపిన లోపభూయిష్టమైన అప్‌డేట్ ఒకటి ప్రపంచవ్యాప్తంగా సుమారు 85 లక్షల విండోస్ యంత్రాలను నీలి తెర దగ్గర నిలబెట్టివేసింది. హైదరాబాదు విమానాశ్రయంలో బోర్డింగ్ పాసులు చేత్తో రాసి ఇచ్చారు. ఆ అప్‌డేట్ యంత్రాలలోని సొంత ఫైళ్లను ముట్టుకోలేదు. విండోస్‌ను అవసరమైన భాగాలతో మాత్రమే నడిపే సేఫ్ మోడ్‌లోకి వెళ్లి, డ్రైవర్ల ఫోల్డరులో ఆ సంస్థ పేరుతో ఉన్న చోట 291 అంకె గల ఒక చిన్న ఫైలును తీసివేస్తే యంత్రం లేచి కూర్చునేది. అంతటి ఉపద్రవానికి మందు ఒక్క ఫైలు. ఆ రోజున అవే యంత్రాలను మన బజారులోని రిపేరు షాపులకు పంపి ఉంటే ఏం జరిగి ఉండేదో నేను చెప్పనక్కరలేదు.

షాపుల వాళ్లను తిట్టడం తేలిక గానీ, వాళ్ల లెక్క వాళ్లకుంది. యంత్రం ఎందుకు లేవడం లేదో కనుక్కోవడానికి మూడు గంటలు పట్టవచ్చు, ఒకోసారి రోజంతా పట్టవచ్చు, చివరికి తేలకనూ పోవచ్చు. ఫార్మాట్‌కు గంట చాలు, ఫలితం ఖాయం, ఆ గంటలో ఇంకో రెండు యంత్రాలు చూసుకోవచ్చు. కనుక్కున్నందుకు డబ్బులడిగితే మనం ఇవ్వం. "ఏమీ మార్చలేదుగా, దేనికయ్యా అయిదు వందలు?" అంటాం. ఒక కుర్రవాడు నాతో అన్న మాట ఇది: "ఫార్మాట్ కొడితే కస్టమరు కళ్లకు పని కనిపిస్తుంది సార్. కమాండ్ కొట్టి బాగుచేస్తే నేనేదో బటన్ నొక్కాననుకుంటారు." ఇందులో అబద్ధం లేదు. మనం పనికి కాక, పని కనిపించినందుకు డబ్బులిస్తున్నంత కాలం వాళ్లు కనిపించే పనే చేస్తారు.

డీ డ్రైవు అనే అలవాటు కూడా ఈ వ్యవహారంలో నుంచి పుట్టినదే. అసెంబుల్డ్ కంప్యూటర్ల కాలంలో యంత్రం బిగించినవాడే డిస్కును సీ, డీ, ఈ అని మూడు ముక్కలు చేసి, "సీలో ఏమీ పెట్టకండి" అని చెప్పి వెళ్లేవాడు. ఎప్పటికైనా సీని ఫార్మాట్ కొట్టక తప్పదన్నది అందులోని అంతరార్థం. ఆ ఏర్పాటు తెలివైనదే. కానీ అది మూడు చోట్ల మోసం చేస్తుంది. డెస్క్‌టాప్, డాక్యుమెంట్స్, డౌన్‌లోడ్స్ మొదలైన ఫోల్డర్లను ప్రత్యేకంగా జరిపితే తప్ప అవి సీలోనే ఉంటాయి. డీ అనేది వేరే డిస్కు కాదు, అదే డిస్కులో గీసిన గీత, డిస్కు పోతే రెండూ పోతాయి. ఇక మూడవది, ఇప్పటి ల్యాప్‌టాప్‌లు చాలావరకు సీ డ్రైవు ఒక్కదానితోనే వస్తాయి, మనుషుల మాట మాత్రం ఇంకా "అన్నీ డీలోనే ఉన్నాయి" దగ్గరే ఉంది.

షాపుల వారి తొందరను ఒప్పుకుంటూనే నేను గట్టిగా వాదించే సంగతి ఒకటి ఉంది. పెన్‌డ్రైవు నుంచి విండోస్ వేసేటప్పుడు డిస్కులోని ఏ ముక్కలో, అంటే ఏ పార్టిషన్‌లో వేయాలని అడిగే తెర వస్తుంది. అక్కడ డిలీట్, ఫార్మాట్, న్యూ అన్న మాటలుంటాయి, కింద నెక్స్ట్ ఉంటుంది. చేయి అలవాటుగా ఫార్మాట్ మీదికి పోతుంది. దానిని ముట్టుకోకుండా పాత విండోస్ ఉన్న పార్టిషన్‌నే ఎంచుకుని నెక్స్ట్ నొక్కితే, పాత విండోస్ ఫోల్డరు, ప్రోగ్రాముల ఫోల్డరు, యూజర్ల ఫోల్డరు మొత్తం 'విండోస్ డాట్ ఓల్డ్' అనే పెట్టెలోకి చేరుతాయి. ఆ సంగతి ఒక చిన్న హెచ్చరికగా తెర మీద చెబుతుంది కూడా. కొత్త విండోస్ పక్కనే వచ్చి కూర్చుంటుంది. పట్టే సమయం అంతే, రాబడి అంతే, డిస్కులో ఖాళీ ఉంటే చాలు. తరువాత ఆ పెట్టె తెరిచి, యూజర్లలో పాత పేరు కింద ఉన్న డెస్క్‌టాప్‌ను, డాక్యుమెంట్లను కొత్త చోటికి తెచ్చుకోవచ్చు. కొన్నాళ్లు పోయాక స్థలం కోసం విండోస్ ఆ పెట్టెను తానే ఖాళీ చేయవచ్చు కనుక ఆ పని వెంటనే చేసుకోవాలి. ఒక్క బటన్ నొక్కకుండా ఉండడమే ఇందులో అదనపు శ్రమ. 2011లో నాకు ఈ సంగతి పుస్తక జ్ఞానంగా తెలుసు. సెలవు రోజున తొందరగా లేవాలన్న ఆత్రంలో ఫార్మాట్ నొక్కాను. కాబట్టి షాపు కుర్రవాళ్ల గురించి నేను రాసేదంతా నా గురించి రాసేదే.

మా బాబాయి రెండవ యంత్రం కథకు వస్తాను. డీటీపీ సెంటర్ ఎత్తివేసి, ఇంటి నుంచే శుభలేఖలూ ఒక చిన్న సాహిత్య సంచికా చేసిపెడుతున్న రోజులలో విండోస్ 11 ల్యాప్‌టాప్ కొనుక్కున్నారు. రెండేళ్ల క్రిందట వర్షాకాలంలో ఒకనాడు ఫోను చేశారు. ల్యాప్‌టాప్ బ్యాటరీ చచ్చిపోయి ఏడాదయింది, వైరు పెట్టే వాడుతున్నారు, అప్‌డేట్ నడుస్తుండగా కరెంటు పోయింది. తిరిగి వచ్చాక యంత్రం ఆన్ అవుతోంది, 'ఆటోమేటిక్ రిపేర్' అంటోంది, గుండ్రంగా చుక్కలు తిరుగుతున్నాయి, మళ్లీ మొదటికే వస్తోంది. దగ్గరలోని షాపుకు తీసుకువెళితే, "ఫార్మాట్ కొట్టాలి మాస్టారూ" అన్నారట. "నువ్వు వచ్చేదాకా ముట్టుకోనివ్వనురా" అన్నారు బాబాయి. వంశవృక్షాన్ని ఆయన మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టి నలభయ్యో పేజీకి తెచ్చారని ఆ ఫోనులోనే తెలిసింది.

శనివారం పొద్దున తెనాలిలో రైలు దిగి నేరుగా బల్ల ముందు కూర్చున్నాను. ఇలాంటప్పుడు నేను పాటించే వరుస ఒకటే, బాగుచేయడం తరువాత, బయటికి తీయడం ముందు. యంత్రం లేవకపోయినా డిస్కు ఆరోగ్యంగా ఉంటే ఫైళ్లు చదవడానికి విండోస్ అక్కరలేదు. చాలాసార్లు నేను విండోస్‌కు బదులుగా పనిచేసే ఉబుంటు అనే ఉచిత సిస్టం ఉన్న పెన్‌డ్రైవుతో బూట్ చేసి, ఇన్‌స్టాల్ చేయకుండా ట్రై అన్నది ఎంచుకుని, ఫైళ్లు తీసుకుంటాను. ఈసారి విండోస్ సొంత రికవరీ తెర వస్తోంది కనుక అందులోనుంచే, ఆదేశాలు టైపు చేసే నల్ల తెర అయిన కమాండ్ ప్రాంప్ట్ తెరవబోయాను. నీలి తెర ఒకటి వచ్చి 48 అంకెల రికవరీ కీ అడిగింది.

ఇప్పటి విండోస్ 11 ల్యాప్‌టాప్‌లు చాలావరకు మనకు చెప్పీ చెప్పనట్టుగా డిస్కునంతా గుప్తలిపిలో ఉంచుతాయి. దొంగ చేతికి చిక్కితే అది మేలు. ఇంట్లో రిపేరు చేసుకునేటప్పుడు మాత్రం, ఆ 48 అంకెలు లేకపోతే డిస్కును ఊడదీసి వేరే యంత్రానికి తగిలించినా ఒక్క ఫైలు కూడా కనిపించదు. మొదటిసారి సైన్ ఇన్ చేసిన మైక్రోసాఫ్ట్ ఖాతాలో ఆ కీ దాగి ఉంటుంది. బాబాయికి మైక్రోసాఫ్ట్ ఖాతా ఏమిటో తెలియదు. "కొన్నప్పుడు షాపు పిల్లాడు ఏదో మెయిలు కొట్టాడు" అన్నారు. కొట్టింది ఆ పిల్లాడి సొంత మెయిలు. అంటే మా బాబాయి వంశవృక్షం తాళంచెవి కొన్ననాటి నుంచి ఎవరో కుర్రవాడి మెయిలు ఖాతాలో ఉంది! ఆ కుర్రవాడు ఉద్యోగం మారి ఉంటే, ఆ ఖాతా మరచిపోయి ఉంటే, ఈ వ్యాసం ఇక్కడితో ఆగిపోయేది. అదృష్టం కొద్దీ అతను అదే షాపులో ఉన్నాడు, మంచివాడు, వెంటనే ఖాతా తెరిచి ఫోనులో అంకెలు చదివాడు.

ఆరేసి అంకెల చొప్పున ఎనిమిది గుంపులు. బాబాయి ఒక శుభలేఖ ప్రూఫు వెనుక పెన్సిలుతో రాసుకున్నారు. నేను టైపు చేస్తుంటే నాలుగో గుంపు దగ్గర యంత్రం ఒప్పుకోలేదు. ఆ గుంపులలో ప్రతిదీ 11తో నిశ్శేషంగా భాగించబడేలా తయారవుతుందని, అందుకే తప్పు ఏ గుంపులో పడిందో అక్కడికక్కడే తెలిసిపోతుందని చెప్పాను. అంతే, ఆయన కళ్లజోడు సర్దుకుని కాగితం తన వైపు లాక్కున్నారు. పాతకాలం ఎస్సెల్సీ లెక్క, నోటితోనే భాగహారం చేసుకుంటూ పోయి, "నాలుగోది ఒక్కటే శేషం వస్తోందిరా, మిగిలినవన్నీ సరే" అని తేల్చారు. మళ్లీ ఫోను చేస్తే అతను 'నైన్' అన్నది ఈయన చెవికి 'ఫైవ్'గా వినిపించిందని తేలింది. దిద్దాక తాళం తెరుచుకుంది.

కమాండ్ ప్రాంప్ట్ అంటే భయపడేవారి కోసం ఒక చిట్కా చెబుతాను. ఆ నల్ల తెర మీద నోట్‌ప్యాడ్ అని కొడితే నోట్‌ప్యాడ్ తెరుచుకుంటుంది. అందులో ఫైల్, ఓపెన్ నొక్కి, కింద 'ఆల్ ఫైల్స్' పెట్టుకుంటే ఎదుట కనిపించేది పేదవాడి ఎక్స్‌ప్లోరరే, అంటే ఫైళ్లు చూసుకునే కిటికీయే. ఫోల్డరు మీద కుడి క్లిక్ చేసి కాపీ అని, బయటి హార్డ్‌డిస్కులోకి వెళ్లి పేస్ట్ అనవచ్చు. డ్రైవుల అక్షరాలు అక్కడ తారుమారై ఉండవచ్చు, మన సీ అక్కడ డీగానో ఈగానో కనిపిస్తుంది, కంగారు పడనక్కరలేదు. నేను మాత్రం రోబోకాపీ అనే కాపీ ఆదేశం వాడాను, ఫైళ్లు ఎక్కువగా ఉంటే అదే నయం. యూజర్ల ఫోల్డరు, ఫాంట్ల ఫోల్డరు, సీ డ్రైవు తెరవగానే కనిపించే చోట ఆయన పెట్టుకున్న చిల్లర ఫోల్డర్లు అన్నీ కలిపి అరవై గిగాబైట్ల పైచిలుకు. అవి బయటి డిస్కులోకి చేరేసరికి మధ్యాహ్నం భోజనాలైపోయాయి. పేజీలు కూర్చే ప్రోగ్రామైన పేజ్‌మేకర్ ఫైళ్లను నా ల్యాప్‌టాప్‌లో ఒక్కొక్కటే తెరిచి చూసుకున్న తరువాతనే బాగుచేసే పని ముట్టుకున్నాను.

ఇక్కడే నా రెండవ వాదన ఉంది. ఫైళ్లు భద్రంగా బయటికి వచ్చాయి కదా, ఇక రీసెట్ నొక్కేస్తే పోలేదా అని మా తమ్ముడు అడిగాడు. విండోస్ 8తో 2012లో వచ్చి, విండోస్ 10లో ఈ రూపం దాల్చిన ఆ సదుపాయంలో 'నా ఫైళ్లు ఉంచు', 'అన్నీ తీసివెయ్యి' అని రెండు దారులుంటాయి. మొదటిది ఎంచుకుంటే ఫైళ్లు ఉంటాయన్నది నిజం. కానీ ఫైలు అంటే ఏమిటో అక్కడ తేల్చేది విండోస్, మనం కాదు. అది విడిగా ఇన్‌స్టాల్ చేసుకున్న ప్రోగ్రాములను తీసివేస్తుంది, ఏమేమి తీసివేసిందో ఒక జాబితా రాసి డెస్క్‌టాప్ మీద పెడుతుంది, ఇల్లు ఖాళీ చేయించి సామాన్ల పట్టీ చేతికిచ్చినట్టు. విండోస్ ఫోల్డరు కొత్తది వస్తుంది కనుక మనం విడిగా వేసుకున్న ఫాంట్లు పోతాయి. బ్రౌజరులో దాచుకున్న పాస్‌వర్డులు, గుర్తుపెట్టుకున్న పేజీలు ప్రోగ్రాముల సొంత ఫోల్డర్లలో ఉంటాయి కాబట్టి అవీ పోవచ్చు.

తెలుగు డీటీపీ చేసేవారికి దీని అర్థం ఇంకొంచెం లోతైనది. మా బాబాయి ఇప్పటికీ 2001 నాటి పేజ్‌మేకర్ 7లో, అను ఫాంట్లతో, యాపిల్ కీబోర్డు పద్ధతిలో కొడతారు. ఆయన వాడే అను ఫాంట్లు యూనికోడ్ కావు, అంటే అన్ని యంత్రాలూ ఒకేలా చదివే అక్షర సంకేతాల పద్ధతివి కావు. ఫైలులో నిజానికి దాగి ఉండేవి ఇంగ్లీషు అక్షరాల, గుర్తుల స్థానాలు. ఫాంటు వాటి మీద తెలుగు ఆకారాన్ని కప్పుతుంది. ఫాంటు లేని యంత్రంలో ఆ ఫైలు తెరిస్తే ముత్తాతల పేర్ల స్థానంలో బ్రాకెట్లు, ప్రశ్నార్థకాలు, యూరప్ భాషల కొమ్ముల అక్షరాలు బారులు తీరి కనిపిస్తాయి. ఫైలు ఉంది, ఒక్క బైటు కూడా చెడలేదు, అయినా వంశవృక్షం లేదు. ఆ ఫాంట్ల సీడీ ఎక్కడుందని అడిగితే బాబాయి అటక వైపు చూశారు. ఆంధ్ర, తెలంగాణ పట్టణాలలో ప్రెస్సుల దగ్గర, పత్రికల దగ్గర, పాత రచయితల ఇళ్లలో ఇలాంటి ఫైళ్లు ఎన్ని ఉన్నాయో ఊహించుకోండి. వాళ్లకు 'ఫైళ్లు ఉంచుతాం' అన్న హామీ సగం హామీయే. ట్యాలీలో లెక్కలు రాసుకునే కొట్టువారిదీ ఇలాంటి స్థితే. వారి జీవితమంతా డాక్యుమెంట్స్‌లో కాక, ప్రోగ్రాము తనకంటూ పెట్టుకున్న డేటా ఫోల్డరులో, 10000 వంటి అంకె పేరుతో ఉన్న ఒక ఫోల్డరులో ఉంటుంది. దానిని చూసి ఇది ముఖ్యమైనదని బయటివాడికి అనిపించదు.

హామీ ఇచ్చినవారే తప్పిన సందర్భాలూ ఉన్నాయి. 2018 అక్టోబరులో వచ్చిన విండోస్ 10 పెద్ద అప్‌డేట్ కొందరి డాక్యుమెంట్లను, ఫోటోలను తుడిచివేసింది. డాక్యుమెంట్స్ ఫోల్డరును వేరే డ్రైవుకు జరుపుకుని, పాత చోట కూడా కొన్ని ఫైళ్లు వదిలేసిన వారి యంత్రాలలో, ఆ పాత ఫోల్డరు అనవసరమైన నకలని భావించి లోపల ఏముందో చూడకుండానే తీసివేసింది. అంటే జాగ్రత్తగా డీ డ్రైవుకు మారినవారికే దెబ్బ తగిలింది. మైక్రోసాఫ్ట్ కొద్ది రోజులలోనే దానిని నిలిపివేసి, నవంబరు 13న సరిచేసి మళ్లీ విడుదల చేసింది. 2020 ఫిబ్రవరిలో ఇంకొక అప్‌డేట్ తరువాత కొందరికి డెస్క్‌టాప్ ఖాళీగా కనిపించింది. నిజానికి వారు తాత్కాలిక ప్రొఫైల్‌లోకి లాగిన్ అయ్యారు, వారి ఫైళ్లు యూజర్ల ఫోల్డరులో పేరు చివర చుక్క, మూడు సున్నాలు తగిలించుకుని పక్కనే ఉన్నాయి. అన్నీ పోయాయనుకుని నిరాశతో ఫార్మాట్ చేయించుకున్నవారు ఉంటే, వారి ఫైళ్లు ఆ ఫార్మాట్‌తో పోయాయి, అప్‌డేట్‌తో కాదు.

కాబట్టి రీసెట్‌ను పక్కన పెట్టి, మధ్యలో ఆగిపోయిన అప్‌డేట్‌ను వెనక్కి తిప్పే పని మొదలుపెట్టాను. రికవరీ తెరలోనే 'అన్‌ఇన్‌స్టాల్ అప్‌డేట్స్' ఉంటుంది, అది కుదరదంది. అప్పుడు డిజ్మ్ అనే పనిముట్టుతో, సగంలో ఉన్న మార్పులను రద్దు చేయమనే ఆదేశం ఇచ్చాను. అది పది నిమిషాలు కదలకుండా ఉండి, తరువాత పని ముగిసిందని చెప్పింది. రీస్టార్ట్ చేస్తే చుక్కలు తిరిగి తిరిగి లాగిన్ తెర వచ్చింది. పిన్ని వంటింట్లో నుంచి "వచ్చిందా?" అంటే "ఆఁ, లేచింది" అన్నారు బాబాయి, జ్వరం తగ్గిన పిల్లాడి గురించి చెప్పినట్టు.

లేచినంత మాత్రాన బాగైనట్టు కాదు. లోపల ఏ ఫైలు సగంలో ఉందో తెలియదు. అందుకని విండోస్ ఐఎస్‌ఓ ఫైలును, అంటే ఇన్‌స్టాల్ డిస్కు మొత్తాన్ని ఒకే ఫైలుగా చేసినదానిని, డౌన్‌లోడ్ చేసి, నడుస్తున్న విండోస్‌లోనే తెరిచి, అందులోని సెటప్ నడిపించాను. చివరి తెర మీద 'వ్యక్తిగత ఫైళ్లు, యాప్‌లు ఉంచు' అని ఉందో లేదో చూసుకుని ముందుకు నడిపాను. ఇది ఫైళ్లను, ప్రోగ్రాములను, ఫాంట్లను ముట్టుకోకుండా విండోస్ తనను తాను మళ్లీ కట్టుకునే పద్ధతి. విండోస్ ఎక్స్‌పీ కాలంలో రిపేర్ ఇన్‌స్టాల్ అని పిలిచినదానికి వారసత్వం ఇదే అనుకోవచ్చు. ఇది పనిచేయాలంటే విండోస్ లేచి ఉండాలి. పెన్‌డ్రైవు నుంచి బూట్ చేసి ఈ పని చేయలేము. భాష, ఎడిషన్ సరిపోవాలి, లేకపోతే ఆ వరుస తెర మీద రాదు. రాకపోతే ముందుకు పోకుండా ఆగిపోవడమే మంచిది. నా అనుభవంలో ఇంతకంటే మర్యాదైన రిపేరు విండోస్‌లో మరొకటి లేదు, మన షాపులలో ఇంతకంటే తక్కువగా వాడే రిపేరూ మరొకటి లేదు. విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది కనుక ఇప్పుడు ఎంతోమంది పదకొండు వేయించుకుంటున్నారు. యంత్రానికి అర్హత ఉంటే ఈ దారినే వేయించుకోవచ్చు, ఫార్మాట్ అన్న మాటే రానక్కరలేదు.

వీటన్నిటికీ ముందు చూడవలసిన విషయం ఒకటుంది, డిస్కు తానే చచ్చిపోతోందా అన్నది. హార్డ్‌డిస్కు టిక్కు టిక్కు మంటుంటే, కాపీ చేస్తుండగా ఒక్కో ఫైలు దగ్గర నిమిషాల తరబడి నిలిచిపోతుంటే, డిస్కు తన ఆరోగ్యం తానే చెప్పే స్మార్ట్ పరీక్షలో చెడిన సెక్టార్ల (డేటా ఉండే చిన్న గళ్ల) లెక్క పెరుగుతుంటే, అది విండోస్ జబ్బు కాదు. అప్పుడు డిస్కులోని తప్పులు వెతికి దిద్దే చెక్‌డిస్క్ నడపడం నీరసించినవాడిని పరుగెత్తించడం వంటిది. ముందు డిడిరెస్క్యూ వంటి ప్రోగ్రాముతో డిస్కు మొత్తానికి ప్రతి తీసుకుని, ఆ ప్రతి మీద తల పగలగొట్టుకోవాలి. నా 2011 అనుభవం చూసి "ఫార్మాట్ చేసినా రికవరీ ఉందిగా" అనుకునేవారికి ఇంకో మాట. అది తిరిగే డిస్కుల నాటి సౌకర్యం. తిరిగే భాగాలు లేని కొత్త రకం డిస్కు అయిన ఎస్‌ఎస్‌డీలో ఫార్మాట్ చేయగానే ఆ చోట్లు ఇక అక్కరలేదని ట్రిమ్ అనే ఆదేశం డిస్కుకు వెళుతుంది, అది వాటిని లోలోపల శుభ్రం చేసుకుంటుంది. ఆ తరువాత ఫోటోరెక్ నడిపినా సాధారణంగా దొరికేవి సున్నాలే.

బ్యాకప్ ఉంటే ఈ గొడవంతా ఎందుకని మీరు అనవచ్చు, నిజమే. కానీ రిపేరుకు వచ్చిన యంత్రం ఎప్పుడూ బ్యాకప్ లేని యంత్రమే. ఉన్నవారు నన్ను పిలవరు.

ఆదివారం సాయంత్రానికి సెటప్ ముగిసింది. బాబాయి పేజ్‌మేకర్ తెరిచి, నలభయ్యో పేజీలో మా ముత్తాత తమ్ముడి పేరు దగ్గర కర్సరు పెట్టి, ఒక అక్షరం కొట్టి చెరిపి, అను పనిచేస్తోందని తృప్తి పడ్డారు. మైక్రోసాఫ్ట్ ఖాతాను ఆయన సొంత మెయిలుకు మార్చాను, 48 అంకెలను కొత్తగా రెండు కాగితాల మీద రాశాను. ఒకటి నా దగ్గర ఉంది. రెండవదానిని ఆయన బీరువాలో ఇంటి దస్తావేజుల మధ్య పెట్టబోతూ, బయటికి తీసి, ఎనిమిది గుంపులనూ 11తో మరొకసారి భాగించి చూసుకుని పెట్టారు. కొత్త బ్యాటరీ మాత్రం ఇంకా వేయించలేదు. మొన్న ఫోనులో అడిగితే, "వేయిద్దాంలేరా, పెళ్లిళ్ల సీజను వెళ్లనీ" అన్నారు.